రెండు వేళ్ళ లూజు

కొండమీద అయిదు ఆరోగ్య కేంద్రాలున్నాయి. అయిదింట్లోనూ పొద్దున్నే జనం చెయ్యి చాపి రక్తం ఇస్తారు. ఆ రక్తంలో ఏముందో చూసి చెప్పే ల్యాబు మాత్రం కింద పట్నంలో, పెద్దాసుపత్రి వెనక ఉంది. మధ్యలో ముప్ఫై ఎనిమిది మలుపులు, ఓ కనుమ, ఓ మోటారుసైకిలు, దానిమీద ఓ ఆడమనిషి. పదకొండేళ్ళుగా ఇదే ఏర్పాటు. ఈలోగా ల్యాబుకి రెండుసార్లు రంగులేశారు, బోర్డు మూడుసార్లు మార్చారు గానీ, ఆ మనిషికి చలికి ఓ మంచి కోటు కొనిపెడదామని మాత్రం ఏ పెద్దమనిషికీ తోచలేదు.

ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు. బండి వెనక నీలం రంగు పెట్టె ఉంటుంది కాబట్టి కొండ మీద అందరికీ ఆవిడ పెట్టెక్క. ఆవిడకి నలభై మూడేళ్ళు. డెబ్భై ఏళ్ళ ముసలాళ్ళు కూడా "పెట్టెక్కా, నా షుగరు కాగితం వచ్చిందా?" అని కర్ర ఊపుకుంటూ రోడ్డుకి అడ్డం వచ్చేస్తారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడెవరైనా సొంత పేరు పెట్టి పిలిస్తే, ఎవర్నబ్బా అని ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది.

అంతకుముందు ఆవిడ అదే ల్యాబులో గాజు గొట్టాలు కడిగేది. తొట్టి ముందు నిలబడితే పొద్దున్నుంచి సాయంత్రందాకా నీళ్ళు, సబ్బు, ఎదురుగా సున్నం గోడ. అప్పట్లో బండి నడిపే మనిషి ఓ రోజు చెప్పాపెట్టకుండా మానేశాడు. రేపట్నుంచి ఎవరు వెళ్తారని పెద్ద డాక్టరమ్మ అడిగితే, అందరూ నేలచూపులు చూస్తున్న సమయంలో ఈవిడ "నేను వెళ్తానండీ" అనేసింది. బండి నడపడం వచ్చా అంటే, అస్సలు రాదు! మొగుడు పంపుహౌసులో ఆపరేటరు. ఆ పంపుహౌసు ఆవరణలో పదకొండు రోజులు నేర్పాడు. పంపుల రొదలో పనిచేసీ పనిచేసీ ఆయనకి మామూలు గొంతు అనేదే లేకుండా పోయింది. "క్లచ్చు! క్లచ్చు!" అని ఆయన అరిస్తే, పక్క వీధిలో వెళ్ళే వాళ్ళు కూడా ఉలిక్కిపడి క్లచ్చు పట్టుకునేవారట. మొత్తానికి నేర్చుకుంది. మొదటిరోజు కనుమ ఎక్కి ఆవలి లోయని చూసినప్పుడు, ఇంతకాలం ఆ సున్నం గోడని ఎలా చూశానా అని ఏడుపొచ్చేసింది ఆవిడకి.

ఆ పెట్టె సంగతి కూడా చెప్పాలి. దానికి మూడు పొరల గోడ, లోపల మెత్త, మూతకి రబ్బరు అంచు, పక్కన థర్మామీటరు. రక్తం వేడెక్కకూడదు, చలికి గడ్డకట్టకూడదు. తీసిన నాలుగు గంటల్లోగా ల్యాబు కిటికీ దగ్గర అప్పగించాలి. ప్రతి కేంద్రం దగ్గరా ఆగి, మూత తీసేముందు ఆవిడ థర్మామీటరు చూస్తుంది, చిన్న పుస్తకంలో రాస్తుంది. పెట్టెకి అన్ని మర్యాదలున్నాయి. పెట్టెని మోసే మనిషికి మాత్రం రెండు స్వెట్టర్లు, ఓ పాత రెయిన్‌కోటు, వాటి కింద పొట్టకి చుట్టుకున్న పాత వార్తాపత్రిక.

కిందటేడు చలికాలంలో కుడిచేతి మూడు వేళ్ళు తెల్లబడటం మొదలైంది. కొండ దిగేసరికి సుద్దముక్కల్లా అయిపోయేవి. పిన్నుతో గుచ్చినా తెలిసేది కాదు. తర్వాత వేడినీళ్ళలో పెడితే ప్రాణం పోయేంత మంట. ఎవరికీ చెప్పకుండా ఏడాది నెట్టుకొచ్చింది. ఈ ఏడు చలి మొదలైన రెండోవారంలో ల్యాబు కిటికీ దగ్గర పెట్టె అప్పగిస్తుంటే చేతిలో పెన్ను జారి కింద పడింది. తీసింది. మళ్ళీ పడింది. అద్దం అవతల పెద్ద డాక్టరమ్మ చూడనే చూశారు.

"ఇలా రా. వేళ్ళు చూపించు."

"చలి కదండీ, అందరికీ ఉండేదే."

"అందరి వేళ్ళూ ఇలా అవ్వవు." ఆవిడ గోరు నొక్కి వదిలారు. తెల్లగానే ఉండిపోయింది. "ఈ నెలాఖరుకి మళ్ళీ చూస్తాను. ఇలాగే ఉంటే నిన్ను బండి దింపేస్తా. చలికాలం అయ్యేదాకా వ్యాను పంపిస్తాను."

"వ్యాను వారానికి రెండుసార్లే కదండీ వెళ్ళేది? మిగతా రోజులు వాళ్ళేం చేస్తారు?"

"వాళ్ళే దిగి వస్తారు. రాలేని వాళ్ళు రారు. నాకూ బాధే. కానీ నీ వేళ్ళు పోతే నేను అతికించి పెట్టలేను కదా?"

వ్యాను పెడితే తను మళ్ళీ ఆ తొట్టి ముందుకే. అది ఒక బాధ. కొండమీద రోజు మార్చి రోజు రక్తం చూపించుకోవాల్సిన గుండెజబ్బు వాళ్ళు, పసికందులు, ఆ ముప్ఫై ఎనిమిది మలుపులు చలిలో ఎలా దిగుతారు? అది ఇంకో బాధ. నెలాఖరుకి ఇరవై రెండు రోజులుంది.

ఆ సాయంత్రమే బండి సామాన్ల కొట్టుకి వెళ్ళింది. కొట్టతను ఒకప్పుడు బండి మీద దేశాలు తిరిగినవాడు, ఎవరినీ తొందరగా మెచ్చుకోడు.

"వేడెక్కే గ్లౌజులుంటాయట కదా, ఓ జత ఇవ్వండి."

"ఉన్నాయి. నీకు అమ్మను."

"ఏం, నేను కొనుక్కోకూడదా?"

"నీ బండి చిన్నది తల్లీ." సీటు ఎత్తి, బ్యాటరీకి మీటరు పెట్టి చూశాడు. "హెడ్‌లైటుకి పోను మిగిలే కరెంటు ఒక్క వస్తువుకే సరిపోతుంది. ఆ ఒక్కటీ చేతులకి పెడితే దండగ. ఛాతీ చల్లబడితే ఒళ్ళు ముందు లోపలి సరుకుని కాపాడుకుంటుంది, చేతులకి రక్తం తగ్గించేస్తుంది. ముందు ఒంటిని వెచ్చగా ఉంచు, చేతుల సంగతి అదే చూసుకుంటుంది. హ్యాండిలుకి ఈ గాలి తొడుగులు తగిలించు, చాలు."

అలా చేతికొచ్చింది కరెంటు కోటు. చూడటానికి పల్చగా, నల్లగా, ఏ ప్రత్యేకతా లేదు. లోపల గుడ్డ కింద వెంట్రుకంత సన్నటి తీగలు ఛాతీకి, వీపుకి, మెడకి. అంచునుంచి వేలాడే తీగ బ్యాటరీకి తగిలించాలి. రొమ్ము దగ్గర ఓ బొత్తాం నొక్కితే ఎర్ర దీపం, మళ్ళీ నొక్కితే పసుపు, మళ్ళీ నొక్కితే ఆకుపచ్చ. ఎర్రది బాగా వేడి, ఆకుపచ్చ కాస్త వేడి.

"లోపల పల్చటి చొక్కా ఒక్కటే. దానిమీద ఇది చర్మంలా అంటుకుని ఉండాలి. బండి స్టార్టు చేశాకే నొక్కు, ఆపే ముందు తీసెయ్. ఎర్ర దీపం కొండెక్కేటప్పుడు ఓ పది నిమిషాలు, తర్వాత ఆకుపచ్చ. అస్తమానం ఎర్రదే పెట్టుకు తిరిగావో, నీ బ్యాటరీ చేతులెత్తేస్తుంది. అప్పుడు నా దగ్గరికి ఏడుస్తూ రాకు."

కొట్టు నుంచి ఇంటికి ఆరు కిలోమీటర్లు. మొదటి కిలోమీటరులోనే ఆ వేడి వీపుమీదుగా పాకింది. ఎవరో వెనక నుంచి దుప్పటి కప్పి పట్టుకున్నట్టుంది. పదకొండేళ్ళలో చలికాలం బండి మీద ఆవిడ పళ్ళు బిగించకపోవడం అదే మొదటిసారి. ఇల్లు దాటి ఇంకో రెండు వీధులు ఊరికే తిరిగొచ్చింది కూడా.

ఇంటి వసారాలో మామగారు కూర్చుని ఉన్నారు. ఇక్కడే వచ్చింది అసలు చిక్కు.

మామగారికి డెబ్భై ఆరు. యాభై రెండేళ్ళు కోట్లు కుట్టారు. జడ్జీలకి, బ్యాంకు మేనేజర్లకి, పెళ్ళికొడుకులకి ఆయన కోటంటే కోటే. ఆయనకి ఒకటే సూత్రం. కోటు తొడిగి మనిషిని నిటారుగా నిలబెట్టి, చేతులు దించమని, చంక కింద రెండు వేళ్ళు దూరుస్తారు. రెండు వేళ్ళూ సుఖంగా తిరిగితే కోటు పాసు. లేకపోతే మళ్ళీ కుట్లు విప్పాల్సిందే, ఆ మనిషి పెళ్ళి రేపే అయినా సరే. తర్వాత కళ్ళకి పొరలొచ్చాయి. ఆపరేషను చేయించుకుని చూపు తెచ్చుకునేలోగా జనం రెడీమేడ్ కోట్లకి అలవాటు పడిపోయారు. కొట్టు మూసి నాలుగేళ్ళయింది. మిషను వసారాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది, పక్కన ఆయనా అంతే. గడ్డం వారానికోసారి, మాట రోజుకి రెండుసార్లు.

అలాంటి మనిషి కోడల్ని చూసి కుర్చీలోంచి లేచారు.

"ఎవడమ్మా ఆ కోటు కుట్టింది? దిండుకి గలీబు తొడిగినట్టుంది. ఇలా రా. నిలబడు. చేతులు దించు."

చంక దగ్గర వేళ్ళు పెట్టి చూశారు. దూరలేదు.

"ఒక్క వేలు కూడా పట్టట్లేదు! నా ఇంట్లోంచి ఇలాంటిది వేసుకుని బయటికి వెళ్తే నా పరువేం కావాలి?"

"ఇది బిగుతుగానే ఉండాలట మామయ్యా. కొట్టతను చెప్పాడు."

"కొట్టతను కోట్లు అమ్ముతాడు. ఎప్పుడైనా ఒక్కటి కుట్టాడా? ఇటియ్యి."

ఇవ్వకుండా ఉంటే సరిపోయేది. కానీ అప్పటికే ఆయన మిషను మీది దుప్పటి తీసేశారు. మెడలో టేపు పడింది. చెయ్యి వణకడం లేదు. నాలుగేళ్ళుగా తలుపు కొట్టినా తల తిప్పని మనిషి, "ఏరా, నా సుద్దముక్కల డబ్బా ఎక్కడ పెట్టావ్?" అని కొడుకు మీద కేకలేస్తున్నారు. కొడుకు అంతకన్నా పెద్ద కేకతో "అటక మీదుంది నాన్నా!" అంటున్నాడు. ఇల్లు ఇల్లులా ఉంది. ఆవిడ నోరు తెరవలేకపోయింది.

రెండు రోజులు కూర్చుని ఎంత పని చేశారో! తీగలు ఎక్కడెక్కడ పోతున్నాయో వేలితో తడిమి సుద్దతో గీసుకున్నారు. ఒక్క తీగ తెగకుండా పక్క కుట్లు విప్పి, చంక కింద నుంచి నడుందాకా రెండేసి వేళ్ళ గుడ్డ కలిపారు. అక్కడితో ఆగారా? లోపల ఆ పల్చటి గుడ్డ ఏం బాగుంటుందని, తన ట్రంకుపెట్టెలోంచి మెత్తటి బూడిదరంగు ఊలు తీసి లైనింగు వేశారు. కొట్టు మూసిన రోజు మిగిలిన ఆఖరి ముక్క అది. ఎప్పటికైనా తనకో కోటు కుట్టుకోవాలని దాచుకున్నారు. రెండోరోజు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ట్రయల్ చూద్దాం రమ్మన్నారు.

"నిలబడు. చేతులు దించు." రెండు వేళ్ళూ సుఖంగా తిరిగాయి. "అదీ కోటంటే!"

సోమవారం పొద్దున్న కనుమ ఎక్కుతుంటే ఆవిడకి సంగతి తెలిసిపోయింది. వేడి ఆ ఊలుని దాటి ఒంటిదాకా రావట్లేదు. ముందుకి వంగి కూర్చునేసరికి వీపు దగ్గర కోటు పైకి లేచి, నడుం దగ్గర సందు పడింది. అందులోంచి గాలి దూరి, పక్కలు బూరెల్లా ఉబ్బాయి. చేతులు చాపితే మణికట్లు బయటికొచ్చాయి. కిందికొచ్చేసరికి వేళ్ళు మళ్ళీ తెల్లగా ఉన్నాయి.

ఇంటికెళ్ళేసరికి మామగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఎలా ఉంది కోటు?"

"బ్రహ్మాండంగా ఉంది మామయ్యా."

"వెచ్చగా ఉందా?"

"పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది!"

చూడండి, అబద్ధమాడితే చిన్నదాడొచ్చు కదా? పొయ్యిదాకా ఎందుకు వెళ్ళడం? కానీ ఆ మాట వినగానే ఆయన మొహం చూస్తే మీరైనా అంతే చెప్పేవారు. ఆ పూట ఆయన మారు పెట్టించుకుని తిన్నారు. మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. మొగుడికి చెబుదామా అంటే, ఆయనకి రహస్యం చెప్పడమూ మైకులో చెప్పడమూ ఒకటే. "ఏంటీ, కోటు పనికిరాదా?" అని ఆయన అడగడం, వసారాలో ఆ ముసలాయన వినడం, రెండూ ఒక్కసారే జరిగిపోతాయి. అందుకని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎర్ర దీపం పెట్టుకుంది. ఎక్కేటప్పుడూ ఎర్రదే, దిగేటప్పుడూ ఎర్రదే. కాస్తయినా వేడి ఊలు దాటొస్తుందేమోనని ఆశ.

పది రోజులు అలా లాగింది. ఓ గురువారం పొగమంచు కమ్మేసి హెడ్‌లైటు కూడా పొద్దుటినుంచీ వెలుగుతూనే ఉంది. నాలుగో కేంద్రం దగ్గర బండి ఆపి, పెట్టె నింపుకుని వచ్చి స్టార్టరు బటను నొక్కితే 'టిక్' మంది. అంతే. ఇంకోసారి నొక్కింది. ఆ టిక్ కూడా లేదు. అక్కడ రోడ్డు చదును, దొర్లిద్దామంటే వాలు లేదు. కాంపౌండరూ వాచ్‌మనూ వచ్చి ఆయాసపడుతూ తోశారు. బండి కదిలింది గానీ దగ్గలేదు కూడా. చివరికి ఓ కూరగాయల లారీ వస్తే, దాని బ్యాటరీ నుంచి తీగలు తగిలించి లేపారు. అప్పటికి గంటన్నర పోయింది.

ల్యాబు కిటికీ దగ్గర టెక్నీషియను గడియారం చూసి, మొదటి రెండు కేంద్రాల గొట్టాలు ఏడు పక్కన పెట్టేశాడు.

"ఇవి పనికిరావక్కా. మళ్ళీ తియ్యమని చెప్పు."

పదకొండేళ్ళలో ఆ మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు. తల కొట్టేసినట్టయింది.

మర్నాడు రెండో కేంద్రంలో ఆ మాట చెప్పాల్సింది ఆవిడే. పక్కన పెట్టేసిన ఏడింటిలో ఒకటి ఇరవై రోజుల పసిదానిది. పచ్చకామెర్లు ఎంత ఉన్నాయో చూడాలని తీశారు. నర్సమ్మ మళ్ళీ సూది సిద్ధం చేసుకుంది. తల్లి చాలా చిన్నది, పాప కాలు దుప్పటిలోంచి బయటికి తీస్తూ పెట్టెక్క వైపు చూసింది.

"నిన్ననేగా గుచ్చారు అక్కా? మళ్ళీనా?"

"బండి ఆగిపోయిందమ్మా" అంది ఆవిడ.

పాప మడమ మీద నిన్నటి మచ్చ ఇంకా ఉంది. పక్కనే ఇంకోటి పడింది. పాప ఏడ్చిన ఏడుపు చూస్తే, ఆవిడకి అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. బండి ఆగిపోలేదు, నేనే ఆపాను, అనుకుంది. ఓ ముసలాయనకి కోటు లూజుగా ఉందని చెప్పడానికి నోరు రాక ఈ పసిదాన్ని రెండుసార్లు గుచ్చించాను. దారి పొడుగునా అదే మాట తిరిగింది బుర్రలో. ఆ రోజు ఎర్ర దీపం వెయ్యలేదు, ఏ దీపమూ వెయ్యలేదు.

సాయంత్రం గేటు దగ్గర మామగారు ఎప్పట్లానే ఉన్నారు.

"ఎలా ఉంది కోటు?"

"వెచ్చగా లేదు మామయ్యా."

ఆయన సరిగ్గా వినలేదనుకుని తల ముందుకి వంచారు.

"మొదటిరోజు నుంచీ లేదు. గాలి దూరిపోతోంది. వేడి ఒంటికి తగలట్లేదు. ఎర్ర దీపం పెట్టీ పెట్టీ బ్యాటరీ చచ్చిపోయింది. ఓ పసిపిల్లని మళ్ళీ సూదితో గుచ్చాల్సి వచ్చింది." గ్లౌజు లాగి చెయ్యి చూపించింది. "నెలాఖరుకి ఎనిమిది రోజులుంది. వేళ్ళు ఇలాగే ఉంటే డాక్టరమ్మ బండి దింపేస్తానన్నారు."

మామగారు ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని చూశారు.

"పొయ్యి పక్కన కూర్చున్నట్టుందన్నావు."

"అబద్ధం చెప్పాను."

"ఎందుకూ?"

"మీరు రోజూ గడ్డం గీసుకుంటున్నారు కదా, అందుకని."

అనేసి ఏడ్చేసింది. మామగారు చెయ్యి వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు. అయిపోయింది, మళ్ళీ దుప్పటి కప్పేస్తారు మిషనుకి, అనుకుందావిడ. కానీ ఆయన పాత కోటు వేసుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని, మెడలో టేపుతో బయటికొచ్చారు.

"నన్ను బండెక్కించు. కొండ మీదికి పోనియ్యి."

"ఈ చలిలోనా?" పంపుహౌసు నుంచి అప్పుడే వచ్చిన కొడుకు అరిచాడు. "నాన్నా, నీకేమన్నా మతిపోయిందా?"

"నువ్వు పంపు దగ్గర అరుచుకో. పోనియ్యి అమ్మా."

ఇంకా వెలుతురుంది. నెమ్మదిగానే నడిపింది. ఆయన వెనక కూర్చుని ఆవిడ కోటు అంచులు రెండు చేతులా పట్టుకున్నారు. మూడో మలుపు దాటేసరికి గాలి మొదలైంది. ఆయన చేతుల్లో ఆ గుడ్డ ఒక్కసారి ఉబ్బింది, కొట్టుకుంది, మళ్ళీ ఉబ్బింది. ఆయన అరచేయి వీపు మీద పెట్టి చూశారు, నడుం దగ్గర సందు తడిమి చూశారు. ఏడో మలుపులో భుజం తట్టారు.

"ఆపు. దిగకు. అలాగే వంగి ఉండు, హ్యాండిలు వదలకు."

ఆయన దిగి పక్కకి వచ్చి, చంక కింద వేళ్ళు పెట్టారు. రెండు వేళ్ళు కాదు, పిడికిలి మొత్తం దూరింది. తీశారు. మళ్ళీ పెట్టి చూశారు, నమ్మకం కుదరనట్టు.

"యాభై రెండేళ్ళు కోట్లు కుట్టాను. ఒక్క మనిషిని కూడా కూర్చోబెట్టి కొలవలేదమ్మా." కాసేపు లోయవైపు చూస్తూ నిలబడ్డారు. "అందరూ అద్దం ముందు నిలబడే కోటు బాగుందనేవాళ్ళు. ఓ జడ్జిగారు నా కోటు వేసుకుని కోర్టులో పొద్దస్తమానం కూర్చునే ఉండేవారు. పాపం, ఎంత అవస్థపడ్డారో! ఒక్కమాట అన్లేదు నాతో."

"మొహమాటపడి ఉంటారు మామయ్యా."

"మీ మొహమాటాలు తగలెయ్య!" అన్నారాయన. తిట్టాక ఆయనకి నవ్వొచ్చింది. కళ్ళు మాత్రం తుడుచుకున్నారు, గాలికి అన్నారు.

ఆ మర్నాడు శనివారం. మధ్యాహ్నం ఆవిడ కొండ దిగి రాగానే వాకిట్లో బండి స్టాండు వేయించి, దానిమీద కూర్చోబెట్టారు. హెల్మెట్టు పెట్టి, హ్యాండిలు పట్టుకుని, కొండెక్కేటప్పుడు ఎలా వంగుతుందో అలా వంగమన్నారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆయన చుట్టూ తిరుగుతున్నారు. కలిపిన గుడ్డ మొత్తం విప్పేశారు. వీపు నాలుగు వేళ్ళు పొడుగు, చేతులు మూడు వేళ్ళు పొడుగు, నడుం దగ్గర ఎలాస్టిక్కు.

"ఇక్కడ బిగుతుగా ఉందా?"

"లేదు మామయ్యా, బాగుంది."

ఆయన ఆగిపోయారు. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి మిషను మీద పెట్టారు.

"ఏదీ, మళ్ళీ చెప్పు."

ఆవిడ తల దించుకుంది. "చంకలో పట్టేస్తోంది."

"ఎంత?"

"చెయ్యి చాపితే నొప్పెడుతోంది."

"మరి అలా చెప్పు! నువ్వు చెప్పకపోతే నా వేళ్ళకెలా తెలుస్తుంది?" అని గర్వంగా వీధిలో వాళ్ళవైపు తిరిగారు, కోడలేదో బహుమతి తెచ్చినట్టు.

ఊలు లైనింగు విప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆవిడకి గుండె చివుక్కుమంది. ఆ ముక్క ఆయనది. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఓ పక్క తీగలని, ఓ పక్క పైగుడ్డని చూస్తూ కూర్చున్నారు. ఉన్నట్టుండి "తప్పు దీనిది కాదు" అన్నారు. "దీన్ని వేడికీ ఒంటికీ మధ్య పెట్టాను. వేడికీ గాలికీ మధ్య పెట్టాలి." ఆ ఊలునే తీగలకి బయటివైపు, పైగుడ్డ కింద వేసి కుట్టారు. ఒంటివైపు మళ్ళీ ఆ పల్చటి గుడ్డే వచ్చింది. ఒక్క అంగుళం కూడా వృథా కాలేదు.

కొత్త బ్యాటరీ వేసేటప్పుడు కొట్టతను పావుగంట చీవాట్లు పెట్టాడు. తర్వాత కోటు తిప్పి తిప్పి చూసి, ఇది ఎవరు కుట్టారని అడిగాడు. మా మామయ్య అని చెప్పింది. పెదవి విరిచి, "ఊఁ, పర్లేదు" అన్నాడు. ఆ మనిషి నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ వినలేదు.

సోమవారం కనుమ మీద చలి ఎప్పటిలానే ఉంది. కొండ ఎక్కడం మొదలెట్టగానే ఎర్ర దీపం వేసింది. నాలుగో మలుపులో పసుపు చేసింది. తొమ్మిదో మలుపు దాటాక చెమట పడుతోందని ఆకుపచ్చకి తెచ్చింది. తొడుగుల్లో వేళ్ళు కదిపితే అయిదూ విడివిడిగా కదిలాయి. రెండో కేంద్రంలో ఆ తల్లి ఎదురొచ్చి, పాపకి కామెర్లు తగ్గుతున్నాయట అక్కా అని చెప్పింది. పెట్టెక్క పాప మడమని గ్లౌజు తీసిన చేత్తో ముట్టుకుంది. పాప ఉలిక్కిపడలేదు. చెయ్యి వెచ్చగా ఉన్నట్టే లెక్క.

నెలాఖరున పెద్ద డాక్టరమ్మ కిటికీ దగ్గరికి తనే వచ్చారు. మూడు గోళ్ళూ వరసగా నొక్కి వదిలారు. ఎర్రదనం నెమ్మదిగానే అయినా మూడింటిలోనూ తిరిగొచ్చింది. మళ్ళీ నొక్కి చూశారు.

"వ్యాను అక్కర్లేదు" అన్నారు. "వచ్చే నెల మళ్ళీ చూపించు."

ఆ సాయంత్రం గేటు దగ్గర మామగారు నున్నగా గీసిన గడ్డంతో నిలబడి ఉన్నారు. ఆవిడ బండి దిగుతూనే గ్లౌజులు లాగేసి, పదివేళ్ళూ ఆయన మొహం ముందు చాపింది. ఆయన చూశారు. చూసి, చేతులు పక్కకి జరిపారు.

"అది డాక్టరమ్మ పని. నేను కోటు సంగతి అడుగుతున్నాను. ఎలా ఉంది?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది.

"కాలరు కుడివైపు గీసుకుంటోంది మామయ్యా."

మామగారి మొహం వెలిగిపోయింది. "ఎక్కడ, ఇక్కడా? నాకు ముందే అనుమానం! తియ్యి తియ్యి, ఇటియ్యి" అంటూ, ఆవిడ పూర్తిగా విప్పకముందే చెయ్యి చాపి, మిషను వైపు నడిచారు.